సెలవు మంజూరైంది

నా భార్య సెలవు మంజూరైన తర్వాతే ఊరు దాటింది. ఆమె బదులు పక్క ఊరి బడి నుంచి ఒక సారును వేశారు. ఆయన ఒక్క రోజు వచ్చి మిగతా ఐదు రోజులు రాలేదు. ఈ మూడు వాక్యాలు ముందే రాసి పెడుతున్నాను. మిగతాది నిదానంగా చెప్పుకోవచ్చు.

పోయిన వారం పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేసి దిగిపోయిన పత్రిక అది. ఇప్పుడు జిల్లా డెస్క్ చూస్తున్నాయన నా పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నవాడే.

"సార్, బడి నడిచే రోజుల్ల టీచర్లు సెలవు పెట్టి తిరగపోవచ్చునా అని ఒక పేజీ చేస్తున్నం. మీరు జర నాలుగు మాటలు రాయుండ్రి. రెండు దిక్కులు తెలిసినోళ్లు మీరే గదా" అన్నాడు.

రెండు దిక్కులంటే, టీచర్లు బడికి రావడం లేదని ఏళ్ల తరబడి వార్తలు రాయించినవాణ్ణి నేను. నా భార్య టీచర్. రాస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక, రెండేళ్ల కిందటి సంగతి అతనికి గుర్తుందా లేదా అని ఒక్క క్షణం అనిపించింది. అడగలేదు. కాగితం ముందు కూర్చుంటే అభిప్రాయం ఏదీ రాలేదు. జరిగింది ఒక్కటే వచ్చింది.

మాది మెట్‌పల్లి దిక్కు. కరీంనగర్ డెస్క్‌లో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఆమెకు ఆదిలాబాద్ జిల్లాలో ఉద్యోగం రావడంతో నేనే అడిగి ఇటు మార్పించుకున్నాను. ఆదిలాబాద్ పట్నంలో ఇల్లు తీసుకున్నాం. ఆమె బడి అక్కడికి గంట ప్రయాణం. బస్సు దిగి పత్తిచేన్ల మధ్య కొంత నడవాలి. ఒక గది, ఒక వరండా, వంటకు వెనకాల రేకుల కప్పు. ఐదు తరగతులకూ ఒకరే టీచర్. ఈ సంగతి జరిగిన ఏడాది పదకొండు మంది పిల్లలు.

ఆ పదకొండు మందిని నిలబెట్టుకోవడమే ఆమె ఉద్యోగంలో సగం. రోజూ పొద్దున పట్నం నుంచి ఒక ప్రైవేటు బడి వ్యాను వచ్చి ఊరి మొదట్లో హారన్ కొడుతుంది. జూన్ వచ్చిందంటే ఆమె ఇల్లిల్లూ తిరిగేది. వ్యాను కన్నా ముందు వెళ్లాలని మొదటి బస్సుకే పోయేది. పిల్లలు బాగా తగ్గిపోతే టీచర్‌ను ఇంకో బడికి సర్దుతారు. బడి మూసేశామని ఎవరూ చెప్పరు. తాళం మాత్రం తీసేవాళ్లుండరు. చుట్టుపక్కల రెండు ఊళ్లలో అప్పటికే అలా అయింది.

బడిలో ఆమె కాక ఇంకో మనిషి వంటామె. రెండో తాళంచెవి ఎప్పుడూ ఆ వంటామె కొంగు ముడిలో ఉండేది. పొద్దున్నే వచ్చి తలుపు తీసి, ఊడ్చి, పొయ్యి ముట్టించేది. బస్సు ఆలస్యమైతే పిల్లలను వరుసగా కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేది. ఆమెకు చదువు రాదు. ఎక్కాలు విని విని వచ్చాయి. పదమూడో ఎక్కం దగ్గర మాత్రం పిల్లలు ఏం చెప్పినా సరేననేదట. ఇలాంటివి నా భార్య రాత్రి అన్నం తింటూ చెప్పేది. నేను వినేవాణ్ణి, సగం సగం.

ఇక నా పని గురించి. బడులు తెరిచిన కొత్తలోనూ, దసరా తర్వాతా మేము ఒకే రోజు అన్ని మండలాల విలేకరులనూ బడుల మీదికి పంపేవాళ్లం. పొద్దున తొమ్మిదిన్నరకు ఏ బడి తీసి ఉంది, ఏ బడికి తాళముంది. సాయంత్రానికి ఫోటోలు వచ్చేవి. కొత్తగా చేరినవాళ్లు తాళం ఒక్కదాన్నే దగ్గరగా తీసి పంపేవారు. నేను కేకలేసేవాణ్ణి. "ఉత్త తాళం ఎవలింటిదైనా కావచ్చు. బోర్డు, తాళం ఒక్క ఫ్రేములనే రావాలె." ఆ మాట మా డెస్క్‌లో సామెతలా నిలిచిపోయింది.

ఇంకో వార్త నాకు పేరు తెచ్చింది. ధర్మపురి వైపు ఒక బడిలో, హాజరు రిజిస్టర్ మధ్యలో ఒక సెలవు చీటీ చూశాను. ఫలానా పని వల్ల రాలేకపోతున్నాను, సెలవు ఇవ్వగలరు అని రాసి, కింద సంతకం. తేదీ చోటు ఖాళీ. పద్ధతేమిటంటే, టీచర్ రాని రోజు ఎవరైనా అధికారి వస్తే అప్పటికప్పుడు తేదీ వేస్తారు. రాకపోతే చీటీ సొరుగులోకి వెళ్తుంది. మర్నాడు టీచర్ వచ్చి రెండు రోజులకూ సంతకం పెడతాడు. ఒకే చీటీ ఏడాదంతా వస్తుంది. నేను చూసినది మడతల దగ్గర బట్టలా మెత్తబడి ఉంది. అలాంటి బడులు ఇంకో నాలుగు వెతికి రాశాం. వంటవాళ్ల చేతికి తాళాలిచ్చి టీచర్లు తిరుగుతున్నారని పక్కనే ఇంకో వార్త పెట్టాం. కొందరి మీద చర్య తీసుకున్నారు. వాళ్లలో ఒక పెద్దమనిషి తర్వాత బస్టాండ్‌లో కలిశాడు. కోపంగా లేడు.

"మీ పేపరోళ్లకు పండుగ పూట గూడ సెలవుండది. మాకుంటది. గదే గద మీ కడుపుమంట?" అన్నాడు నవ్వుతూ, నాకు చాయ్ కూడా చెప్పించి.

కొంత నిజమే కావచ్చు. టీచర్లకేంది, సగం ఏడాది సెలవులే అని చాయ్ హోటల్లో ఎవరన్నా అంటే నేనూ తలూపినవాణ్ణే. ఆ సగం ఏడాదిలో ఎక్కువ భాగం మే నెల అని, ఆదిలాబాద్‌లో మే నెలంటే కిటికీలు మూసుకుని పడుకోవడమని, టీచర్‌తో ఒకే ఇంట్లో ఉంటూ కూడా లెక్కలోకి తీసుకోలేదు. దసరా సెలవులు బతుకమ్మకు, బంధువులకు సరిపోయేవి. నా ఉద్యోగం ఎలాగూ కదలనిచ్చేది కాదు. ఇద్దరం కలిసి పనేమీ లేకుండా ఏ ఊరికీ పోలేదు. పెళ్లిళ్లకు, చావులకు పోయాం.

నేను దిగిపోయిన ఏడాది ఆమె ఒక రోజు బడి నుంచి వచ్చి నవ్వుతూ చెప్పింది. గదిలో ఒక చార్టు ఉంది, ఒకే కొండను పై నుంచి కిందికి చెక్కిన ఎల్లోరా గుడి బొమ్మ. దాన్ని చూపిస్తుంటే మూడో తరగతి పిల్ల అడిగిందట.

"టీచర్, నువ్వు చూసినవా?"

"చూడలే."

"మరి గది ఉన్నట్టు నీకెట్ల తెలుసు?"

ఆదిలాబాద్ స్టేషన్‌లో రైలెక్కితే కిన్వట్, నాందేడ్ మీదుగా ఔరంగాబాద్ పోతుంది. అక్కడి నుంచి ఎల్లోరా దగ్గరే. ఇన్నేళ్లుగా అంత దగ్గర్లో ఉండి చూడలేదు. నవంబరులో పోదామన్నాను.

"గిప్పుడా? పత్తి ఏరుడు నడుస్తున్నది. నేను ఒక్క పూట పోకుంటే పిల్లలు చేన్లనే ఉంటరు" అంది.

అది నిజం. పత్తి పగిలే రోజుల్లో ఆమె హాజరు చేన్ల గట్ల మీదే తీసుకునేది. బస్సు దిగినకాడి నుంచి పేర్లు పెట్టి పిలుస్తూ, సంచి మెడకు తగిలించుకున్న పిల్లలను తల్లుల దగ్గర నుంచి తీసుకుని నడిపించుకు పోయేది.

"మరి ఎప్పుడు పోదాం? మే నెలలనా? మేల గా రాళ్ల మీద అట్లు పోసుకోవచ్చు."

"నేను రిటైరైనంక పోదాం."

"నువ్వు రిటైరయ్యే యాల్లకు నా మోకాళ్లు రిటైరైతయి."

"నీ మోకాళ్ల కోసం పిల్లల సదువు చెడగొట్టాల్నా?"

"ఆరు రోజులకు చెడిపోయే సదువైతే ఇన్నేండ్లు నువ్వు చెప్పిందేంది మరి?"

ఆ మాట గెలవడానికి అన్నాను. గెలిచాను. డిసెంబరు దాటితే మిగిలిన సెలవులు ఎలాగూ మురిగిపోతాయి, అవి నీవే, ఎవరినీ అడుక్కోవడం కాదు అని కూడా చెప్పాను. పత్రికలో ఒక్కసారీ రాయని మాటలు.

ఆమెతో పనిచేసిన పాత సారు ఒకాయన ఫోన్‌లో సలహా ఇచ్చాడు. స్పీకర్ పెట్టి ఉండడం వల్ల నాకూ వినిపించింది.

"ఎందుకు మేడం గా పంచాయితీ అంత? చీటీ రాసి తేదీ ఎయ్యకుండ రిజిస్టర్ల పెట్టు. వంటామె బడి తీస్తది, అన్నం పెడ్తది, పిల్లలు ఆడుకుంటరు. వచ్చినంక సంతకాలు చేసుకో. ఎవలకెరుక?"

"మా ఇంట్ల పేపరాయన ఉన్నడు సారూ."

"ఆయన రిటైరైండు గద!"

"కాయితం మీద అయిండు" అంది ఆమె.

ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి అప్పటికింకా మా దగ్గరికి రాలేదు. ఆ సారు చెప్పినట్టు చేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నాకు తెలిసేది. అంతా కాగితం మీద ఉండాలన్నాను. దరఖాస్తు నేనే కూర్చుని రాయించాను. మండల విద్యాధికారి మంజూరు చేశారు. మూడు కిలోమీటర్ల అవతలి బడి నుంచి ఒక సారును ఆరు రోజులకు వేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. తాళంచెవులు అప్పగించి సంతకం తీసుకో, రెండూ ఇయ్యి అన్నాను. రెండోది ఎందుకని అడిగింది. వంటవాళ్ల చేతిలో బడి అని వార్త రాయించిన మనిషి ఇంటి నుంచే ఆ పని జరగకూడదని నా ఉద్దేశం.

శనివారం ఒంటిపూట ఇద్దరం నా స్కూటర్ మీద ఊరికి పోయాం. వంటామె గిన్నెలు తోముతోంది.

"నా దగ్గరుంటే ఏమైతది టీచర్?" అంది.

"ఏం కాదు. అప్పగించినట్టు సంతకం ఉండాలె గద. కొత్త సారు వస్తడు, ఆయన తీస్తడు."

"ఆయన రాకుంటే?"

"వస్తడు. ఆర్డరిచ్చిండ్రు."

"ఆర్డరిస్తె వస్తరా?" అని ఆమె నా దిక్కు తిరిగింది. "ఏం సారూ, నేనేమన్న బియ్యం ఎత్కపోతనని ఫికరా?"

"గట్ల కాదక్కా. రూలు."

"రూలు" అని ఆమె కొంగు అందుకుంది. ముడి చేతులకు రాలేదు. పళ్లతో లాగి విప్పాల్సి వచ్చింది. తాళంచెవి మీద నూనె మరకలున్నాయి. నా భార్య దాన్ని తీసుకుని బ్యాగులో వేసుకుంది. తిరుగుదారిలో అవతలి బడి దగ్గర ఆగి ఆ సారుకు రెండూ ఇచ్చి సంతకం తీసుకున్నాం. మర్యాదస్తుడు. "మీరు నిమ్మలంగ పోయి రాండ్రి మేడం" అన్నాడు. ఆ మధ్యాహ్నమే రైలెక్కాం.

ఎల్లోరా గురించి చాలామంది రాశారు. నాకు గుర్తున్నది, ఆమె చెప్పులు విడిచి రాతి మీద అరికాలు పెట్టి "సల్లగున్నది" అనడం. గుడి అడుగున ఏనుగుల వరుస ఉంటుంది. వాటిని లెక్కపెట్టి చిన్న నోటుబుక్కులో రాసుకుంది. ఒక ఏనుగుకు తొండం విరిగిపోతే అది కూడా రాసుకుంది. ఎందుకంటే పిల్లలు అడుగుతారట. సెలవు పెట్టి వచ్చి పాఠం తయారు చేసుకుంటున్నవా అన్నాను. "మరి ఇంకేం చెయ్యాలె సెలవుల?" అంది. నిజంగానే అడిగింది. ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.

ఒకసారి చూస్తే సరిపోలేదని గురువారం మళ్లీ పోయాం. సాయంత్రం నాలుగైంది. ఫోన్ మోగింది. డెస్క్ నుంచి, నా దగ్గర పని నేర్చుకున్న అతనే.

"సార్, ఒక తాళం ఫోటో వచ్చింది. బోర్డు చదివిన. మేడం బడి. ఏం చెయ్యమంటరు?"

"ఎన్ని రోజుల సంది తీస్తలేరట?"

"మంగళవారం నుంచి అంటుండు మనోడు."

ఆమె కొంచెం దూరంలో ఏనుగుల ఫోటోలు తీస్తోంది. నేను గొంతు తగ్గించాను.

"పెట్టు" అన్నాను.

"జర సోంచాయించుండ్రి సార్."

"వేరే టీచర్‌ది అయితే సోంచాయిస్తవా? పెట్టు. కని ఆమె సెలవు మంజూరు చేయించుకునే పోయింది. బదులు వేసిన సారు వస్తలేడు. గా ముక్క రాయి. తప్పెవలదో చదివినోనికి తెల్వాలె."

"రాస్త సార్. తప్పకుండ రాస్త."

ఫోన్ పెట్టాక నాకు చిన్న గర్వం కలిగింది. అబద్ధం ఎందుకు, కలిగింది. సొంత మనిషి దగ్గర కూడా నియమం తప్పలేదని. ఆమెకు చెప్పాను. ఆమె వెంటనే వంటామెకు ఫోన్ చేసింది. రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. తాళంచెవులు తీసుకున్న సారుకు చేసింది. ఆయన ఏదో సర్వే పనిమీద ఇంకో ఊళ్లో ఉన్నాడు. "సోమవారం పోయిన మేడం. మంగళవారం పొద్దున్నే సర్వేకు పొమ్మన్నరు. చెవులు నా జేబులనే ఉన్నయి. పరేషాన్ గాకుండ్రి, రేపు పంపిస్త" అన్నాడు. మర్నాడు కూడా పంపలేదని తర్వాత తెలిసింది.

శుక్రవారం పొద్దున లాడ్జి కింది హోటల్లో చాయ్ చెప్పి, ఫోన్‌లో పేపర్ తెరిచాను. జిల్లా పేజీలో ఎడమ దిక్కు కింద ఫోటో. తాళం, బోర్డు ఒకే ఫ్రేములో ఉన్నాయి. నేను నేర్పినట్టే, చక్కగా తీశాడు. కింద వార్త నాలుగు వాక్యాలు. బడికి మూడు రోజులుగా తాళం. టీచర్ రావడం లేదు. మధ్యాహ్న భోజనం అందక పిల్లలు పత్తి ఏరడానికి వెళ్తున్నారు. అధికారులు పట్టించుకోవాలని గ్రామస్థులు కోరుతున్నారు.

ఆమె ఫోన్ తీసుకుని చదివింది. బొటనవేలితో కిందికి జరిపింది. కింద ఒక ముసలాయన ఫోటో, వర్ధంతి ప్రకటన. తెల్ల చొక్కా, తలపాగా, నవ్వుతున్నాడు. ఇంకొంచెం జరిపింది. ఆ ముసలాయన కుటుంబసభ్యుల పేర్లు వచ్చాయి.

"గింతేనా?" అంది.

నాకు అప్పటికే అర్థమైంది. వార్తలో ముఖ్యమైనది పైన, మిగిలినది కిందికి పోను పోను. పేజీ కట్టాక ప్రకటన వస్తే కింది నుంచి కోస్తాం. ఆలోచించాల్సిన పనిలేదు, కత్తెర ఎక్కడ పడాలో చేతికే తెలుసు. వర్ధంతి ప్రకటనలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి, వద్దనలేం. నేను ఫోన్‌లో చెప్పిన ముక్కను మాట ఇచ్చినట్టే రాశాడు. చివర్లో రాశాడు. కింది నుంచి కోయడం అతనికి నేర్పింది నేను.

ఆమెకు ఇదంతా విడమరిచి చెప్పాను. చాయ్ వచ్చింది. ఆమె విని, "చాయ్ సల్లారుతది, తాగు" అంది. ముందే వెళ్దామా అని అడిగాను. "టికెట్లు రేపటియే గద" అంది. ఆ రోజు ఏదో కోట చూశాం. మెట్లెక్కినట్టు గుర్తుంది.

సోమవారం ఆమె మొదటి బస్సుకే పోయింది. నేను వెంట వెళ్లాను, ఎందుకో నాకే తెలియదు. వంటామె వరండాలో కూర్చుని ఉంది.

"ఫోన్ చేస్తే ఎత్తలేదేంది? నువ్వన్న ఒక్క మాట చెప్తే నేను ఎవలినో ఒకలిని పంపుదును గద" అంది నా భార్య.

"తాళం నాది కాకపాయె, బడి నాది కాకపాయె. నేనెందుకు చేస్త టీచర్?" అంది వంటామె. అయినా జరిగింది చెప్పింది. మంగళవారం పిల్లలు పళ్లేలు పట్టుకుని వచ్చారు. బియ్యం, గుడ్లు లోపల, తాళం బయట. మధ్యాహ్నం దాకా కూర్చుని ఎక్కాలు చెప్పుకున్నారు. బుధవారం నలుగురు వచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు, అందరూ చేన్లలోనే. ఫోటో తీసే అతను బండి మీద వచ్చినప్పుడు, టీచర్ చెప్పే పోయిందని ఆమె చెప్పిందట. "రాస్త అన్నడు. రాసిండా సారూ?" అని నన్నడిగింది.

"రాసిండు" అన్నాను.

నా భార్య ఆ సారు దగ్గర తెచ్చుకున్న తాళంచెవితో తలుపు తీసి గంట కొట్టింది. ఆరుగురు వచ్చారు. ఆమె తెచ్చిన ఫోటోలు వాళ్లకు చూపించింది. ఎల్లోరా ఉందా లేదా అని అడిగిన పిల్ల రాలేదు. రాని ఐదుగురిలో ఆ పిల్ల ఇంట్లోనే ముగ్గురు. మధ్యాహ్నం వాళ్లింటికి పోయాం. మరాఠీ మాట్లాడే ఇల్లు అది. వాళ్లు టీచరమ్మను బాయి అంటారు. తల్లి వాకిట్లో పత్తి కుప్ప ముందు కూర్చుని పుల్లలు ఏరేస్తోంది.

"పిల్లలేరి?"

"వ్యానుకు పోయిండ్రు బాయి. శనివారం సంది." ఆమె తలెత్తలేదు. "నీ మీద కోపం లేదు. మా ఆయన హోటల్ల పేపర్ సదివిండు. అందరు సదివిండ్రు. టీచర్ చెప్పకుండ పోయిందని ఏసిండ్రట."

"నీకు చెప్పే పోయిన గద. గీ వాకిట్లనే నిలబడి చెప్పిన. ఆరు రోజులు ఉండ, వేరే సారు వస్తడు అని."

"చెప్పినవు. కాదంటలేను." ఆమె చేతిలో పత్తి దులిపింది. "కని పేపర్ల లేదు గద బాయి."

నా భార్య బ్యాగు తెరిచింది. ఆ పిల్లకు తెచ్చిన ఏనుగు ఫోటో ఒకటి కుప్ప పక్కన పెట్టింది. ఇంకో ఇంటి నుంచి ఇద్దరు అన్నదమ్ములు పోయారు. అక్కడా ఇంచుమించు ఇదే మాట. ఆ తండ్రి నన్ను గుర్తుపట్టి, "మీరు పేపర్ల చేసేటోళ్లే గద సారూ, మీ పేపర్ అబద్ధం రాయది" అన్నాడు. పొగిడాడు.

ఆఫీసు వైపు ఏ ఇబ్బందీ కాలేదు. సంజాయిషీ అడిగారు. మంజూరు కాగితం, తాళంచెవులు అప్పగించిన సంతకం నకలు పెట్టింది. విషయం ముగిసిందని రాసిచ్చారు. అన్నీ కాగితం మీద ఉండాలని నేను అన్నది అక్కడ పనికొచ్చింది. డెస్క్ ఆయన ఫోన్ చేసి చాలా బాధపడ్డాడు. సవరణ వేశాడు. మూడు లైన్లు, లోపలి పేజీలో. నేను ఆమెకు చూపించాను. "గింత సన్నగనా" అంది, అద్దాలు తీసి తుడుచుకుంటూ. ఆ పేజీ చించుకుని ఊళ్లో హోటల్ గోడకు అంటిద్దామా అని కూడా అనుకున్నాను. అనుకున్నానంతే.

ఆ ఏడాది ఆఖరికి మిగిలిన ఆరుగురిలో ఇద్దరు ఐదో తరగతి అయిపోయి పోయారు. జూన్‌లో ఆమె ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగింది. ఇదివరకు, తాళం పడే బడి కాదిది అని చెప్పగలిగేది. ఆ ఒక్క మాట ఇప్పుడు లేదు. కొత్తగా ఎవరూ చేరలేదు, ఉన్న నలుగురిలో ఇద్దరు వ్యానెక్కారు. దసరా లోపల ఆమెను పట్నంలో పెద్ద బడికి సర్దారు. చివరి రోజు రెండు తాళంచెవులూ ఆఫీసులో ఇచ్చి సంతకం తీసుకుంది. ఈసారి నేను చెప్పలేదు. వంటామె ఇప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లుకు కూలికి పోతోంది. ఒకసారి రైతుబజారులో కనబడింది. నా భార్య చేయి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. మాట్లాడకూడదని కాదు, చూసినట్టు లేదు.

పట్నం బడిలో చాలామంది టీచర్లున్నారు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు తరగతి చూస్తారు. పొద్దున ఫోన్‌కు ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. నచ్చినప్పుడు సెలవు పెట్టుకోవచ్చు. ఆమె పెట్టదు. పెట్టకూడదని పట్టుదలేమీ లేదు. ఎటు పోదామని నేను అడగను.

ఇంతవరకు రాసి నిన్న సాయంత్రం ఆమెకు చదివి వినిపించాను. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ విన్నది.

"వాళ్లడిగింది సెలవు పెట్టొచ్చునా పెట్టొద్దా అని గద. గదైతే రాయనే లేదు నువ్వు."

"నువ్వు చెప్పు. రాస్త."

ఒక కాయ తుంచి, లోపల పురుగుందేమో చూసి, పక్కన పెట్టింది.

"పెట్టొచ్చు. ఎందుకు పెట్టొద్దు? కని తాళంచెవి వంటామె దగ్గర్నే ఉండాలె."

"ఆఖర్ల గిదే రాసి ముగిస్త."

"ఆఖర్ల ఎందుకు?" అంది. "సెలవు మంజూరైందని మొదలు రాయి. ఆఖర్ల, పోయినా నష్టం లేనిది ఏదన్న పెట్టు."

మొదలు మార్చి రాశాను.

ఇవాళ పొద్దున ఆదిలాబాద్‌లో మబ్బు పట్టింది. ఆమె ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కింది. చిక్కుడుకాయ కూర కొంచెం మిగిలింది. వాన పడేలా లేదు.